ఒక్క కత్తి చాలంటే ఏ కత్తి?

పనిముట్ల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో సుత్తి పిడి ఊడిపోకుండా ఎలా బిగించుకోవాలో రాస్తూ, చివర్లో 'కత్తుల గురించి ఇంకోసారి' అని ఓ మాట వదిలాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాన్ని పట్టుకున్నవే. నాకు తెలిసిన పనీ ఇదే అనుకోండి. బాలానగర్‌లో ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపులో 34 ఏళ్ళు ఫర్నేసు ముందు నిలబడ్డాను. డైలు, పంచ్‌లు, గేర్లు ఏవి వచ్చినా ఎర్రగా కాల్చి నూనెలో ముంచడమే ఉద్యోగం. రిటైరయ్యాక షాపూర్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద ఒక వైసు, రెండు సానరాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చుట్టుపక్కల వాళ్ళ కత్తులన్నీ ఇప్పుడు నా దగ్గరికే వస్తాయి.

ప్రశ్న: నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. షాద్‌నగర్ దగ్గర అర ఎకరం తోట ఉంది, శని ఆదివారాలు అక్కడే గడుపుతాం. తాడు, డ్రిప్ పైపు, ఎరువు బస్తాలు కోయాలి, మొక్కలకు ఊతకర్రలు చెక్కాలి, అక్కడే వంటకు కూరగాయలు తరగాలి. అన్నిటికీ ఒకే కత్తి కావాలి. మడత కత్తి వద్దు. ఆన్‌లైన్‌లో చూస్తే డీ2, 440సీ, 8సీఆర్13ఎంఓవీ, 1095, 14సీ28ఎన్, ఎస్30వీ అని ఏవేవో ఉన్నాయి. మూడు వారాలుగా వీడియోలు చూసి బుర్ర వేడెక్కింది. ఏ స్టీలు మంచిది?
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: మూడు వారాలు వీడియోలు చూశానన్నారు. ఆ మూడు వారాలూ తోటలో డ్రిప్ పైపు దేనితో కోశారో మాత్రం రాయలేదు. వంటింటి కత్తితోనే కోసి ఉంటారు, పని జరిగే ఉంటుంది. అందుకని స్టీలు పేర్లు కాసేపు పక్కన పెట్టి కత్తి ఆకారంతో మొదలుపెడదాం.

మీరు చెప్పిన పనులకు అలుగు, అంటే పిడి బయటున్న కోసే భాగం, నాలుగు నుంచి అయిదు అంగుళాలు చాలు. అంతకన్నా పొడవుంటే కర్ర చెక్కేటప్పుడు మొన ఎటు తిరుగుతోందో చేతికి తెలియదు. మందం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. బొమ్మలో అయిదారు మిల్లీమీటర్ల వీపు చూసి 'అబ్బ, ఎంత గట్టిగా ఉందో' అనుకుంటారు. అలాంటిది పెట్టి ఒక క్యారెట్ కోసి చూడండి. సగం దిగేసరికి ముక్క టప్పున చీలి అటు ఎగురుతుంది. అది గొడ్డలి చేసే పని. మీకు వీపు దగ్గర మూడు మిల్లీమీటర్లు, మహా అయితే మూడున్నర ఉండి, అక్కణ్ణించి అంచు దాకా సన్నబడుతూ రావాలి. సాన పట్టిన గీతకు సరిగ్గా పైన మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటే ఉల్లిపాయ కళ్ళనీళ్ళు తెప్పించేలోపు తరిగేయొచ్చు.

పిడిలోపలికి ఉక్కు ఎంతదూరం వెళ్ళిందో కూడా చూడండి. పిడి చివరిదాకా అదే ముక్క అదే వెడల్పున వెళ్తే ఫుల్ ట్యాంగ్ అంటారు. కట్టె మీద కత్తి ఆనించి పైనుంచి ఇంకో కట్టెతో కొట్టి చీల్చే అలవాటుంటే అదే తీసుకోండి. లేకపోతే సగం దాకా వెళ్ళినా ఫరవాలేదు. పిడిని మాత్రం బొమ్మ చూసి నమ్మకండి. పది నిమిషాలు గట్టిగా పట్టుకుని ఒక వేపకొమ్మ చెక్కితే అరచేతికే తెలుస్తుంది. కోణాలు, గాట్లు, వేళ్ళకు గుంటలు ఎక్కువున్న పిడి బొబ్బలెక్కిస్తుంది. మునివేళ్ళు అంచు మీదికి జారకుండా ముందు చిన్న అడ్డు ఉంటే చాలు.

ఇక స్టీళ్ళు. ఆ పేర్లను చూసి బెదరకండి, సగం పేర్లలో అర్థం పైకే కనిపిస్తుంది. 1095 అంటే సాదా కార్బన్ ఉక్కు, చివరి 95 అంటే కార్బన్ 0.95 శాతం. 8సీఆర్13ఎంఓవీ చైనా పేరు. ముందున్న 8 అంటే కార్బన్ 0.8 శాతం, సీఆర్13 అంటే క్రోమియం 13 శాతం, మిగతాది కొంచెం మాలిబ్డినం, వెనేడియం. డీ2 పేరులో ఏమీ కనిపించదు గానీ అది మాకు పాత చుట్టం. బాలానగర్‌లో డై షాపులో ఎవరినడిగినా దాన్ని హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటారు, హై కార్బన్ హై క్రోమియం అని. కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం. రేకులు కత్తిరించే డైల కోసం పుట్టిన ఉక్కు, కత్తుల వాళ్ళు తరవాత పట్టుకున్నారు.

కార్బన్ ఉక్కును గట్టిపరుస్తుంది. క్రోమియం తుప్పును ఆపుతుంది, దాదాపు పదిన్నర శాతం దాటితే స్టెయిన్‌లెస్ అంటారు. 'మరి డీ2లో 12 ఉంది కదా, దానికి తుప్పెందుకు పడుతుంది?' అని మీలాంటి కుర్రాడే ఒకడు నన్నడిగాడు. మంచి ప్రశ్న. డీ2లో కార్బన్ ఎక్కువ కాబట్టి అది క్రోమియంలో చాలా భాగాన్ని తన దగ్గరికి లాక్కుని కార్బైడ్ గింజలుగా మారిపోతుంది. కాంక్రీటులో కంకర ఉన్నట్టు ఉక్కులో ఆ గింజలుంటాయి. తుప్పును ఆపాల్సిన క్రోమియం వాటిలో ఇరుక్కుపోతుంది. ఆ కంకర వల్లే డీ2 అంచు చాలా రోజులు నిలుస్తుంది, ఆ కంకర వల్లే సాన పట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది, అంచు పక్కకు ఒత్తిడి పడితే చిన్న చిన్న పెచ్చులు లేస్తుంది. మామూలు సానరాయి మీద చాలాసేపు రుద్దాలి. డైమండ్ ప్లేటు ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

ఎస్30వీ అనేది అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ 2001లో కత్తుల కోసమనే చేసిన పౌడర్ స్టీలు. కరిగిన లోహాన్ని పొడిగా చల్లార్చి, ఆ పొడిని మళ్ళీ దిమ్మెగా నొక్కుతారు. అందువల్ల గింజలు పెద్దవి కాకుండా చిన్నగా, సమంగా ఉంటాయి. నాలుగు శాతం వెనేడియం ఉంది. మంచి ఉక్కే. కానీ ఎరువు బస్తా కోసేటప్పుడు అడుగున గులకరాయి తగిలిందనుకోండి, ఎస్30వీ అయినా అంచు పోతుంది. పోయిన అంచును మళ్ళీ తెచ్చుకోవడం ఎవరికి ఎంత తేలిక అన్నదే మీకు లెక్క. ఆ లెక్కలో ఎస్30వీకి నేను మార్కులు వేయను. 440సీలో కార్బన్ ఒక శాతం దగ్గర, క్రోమియం 16 నుంచి 18. తుప్పుకు ఆగుతుంది. ఒకప్పుడు దాన్ని మించింది లేదన్నారు, ఇప్పుడు మధ్యతరగతి.

14సీ28ఎన్ స్వీడన్‌ది. కార్బన్ 0.62 శాతమే, క్రోమియం 14, అందులో కొంచెం నైట్రోజన్ కలిపారు. పెద్ద గింజలుండవు కాబట్టి అంచు సన్నగా దిగుతుంది, పెచ్చులు లేవదు, మామూలు రాయి మీద పది నిమిషాల్లో పదునెక్కుతుంది. తోటలో చెమట చేత్తో పట్టుకుని, నిమ్మకాయ కోసి, తుడవకుండా ఒరలో పెట్టేసే మనిషికి ఇదే సరి. (మీరు అలాంటివారని కాదు. మా అబ్బాయి అలాంటివాడు.) స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరుతో వచ్చే కత్తుల్లో గార్బర్గ్ అనేది ఈ ఉక్కుతో దొరుకుతుంది, 3.2 మిల్లీమీటర్ల మందం, ఫుల్ ట్యాంగ్. వాళ్ళదే కంపానియన్ అని ఇంకా చవకది ఉంది, రెండున్నర మిల్లీమీటర్ల మందం, అలుగు సుమారు పది సెంటీమీటర్లు, దాని ఉక్కు 12సీ27, పైదానికి అన్నలాంటిది. నేనైతే మీకు మొదట ఆ చవకదే కొనమంటాను. ఒక ఏడాది వాడితే మీకు నిజంగా ఏం కావాలో ఆ కత్తే చెబుతుంది.

1095 నాకు ఇష్టమైన ఉక్కు, ఆ మాట దాచను. సాన రాయి తగలగానే మాట వింటుంది. కాకపోతే తుడవాలి. వానాకాలంలో తోలు ఒరలో పెట్టి మరిచిపోతే తోలు పీల్చిన తేమంతా దానికే ఎక్కి, తీసేసరికి ఎర్రటి చుక్కలు. ఇంట్లో ఉన్నప్పుడు ఒరలో పెట్టకుండా ఒక చుక్క కొబ్బరినూనె రాసి పాత బనీను గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇంతవరకూ చెప్పింది మిల్లు నుంచి వచ్చిన ఉక్కు సంగతి. నా అసలు మాట ఇప్పుడు. అదే డీ2 రెండు షాపులకు వెళ్తే రెండు కత్తులవుతుంది. బియ్యం ఒకటే అయినా ఒకరింట్లో అన్నం పలుకు, ఇంకొకరింట్లో ముద్ద. డీ2ను వెయ్యి డిగ్రీలు దాటించి, దాదాపు 1,020 దగ్గర కాసేపు ఉంచి, గాలికి చల్లార్చి, మళ్ళీ 200 డిగ్రీల దగ్గర రెండుసార్లు కాగబెట్టాలి. దాన్ని టెంపరింగ్ అంటాం. వేడి తగ్గితే మెత్తగా మిగిలిపోతుంది. ఎక్కువైతే ఉక్కులోపలి స్ఫటికాలు పెరిగి పెళుసవుతుంది. పేరు మాత్రం రెండిటి మీదా డీ2 అనే ఉంటుంది.

రెండేళ్ళ కింద ఒక కత్తి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద డీ2, రాక్‌వెల్ 60 అని బంగారు అక్షరాలు. రాక్‌వెల్ అంటే ఉక్కు గట్టిదనానికి కొలత, అంకె పెరిగితే గట్టిదనం పెరిగినట్టు. కోడి కూర వండేరోజు మా ఆవిడ రెండు కోళ్ళు కోసేసరికి అంచు మడత పడింది. ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) పెట్టి చూస్తే సుతారంగా దిగింది. నాకు ఒళ్ళు మండి, పాత షాపుకు తీసుకెళ్ళి రాక్‌వెల్ మిషన్ మీద పెట్టించాను. ఆ మిషన్‌లో వజ్రపు మొన ఉంటుంది, 150 కిలోల బరువుతో ఉక్కు మీద నొక్కి ఎంత లోతు దిగిందో చూసి అంకె చెబుతుంది. 52 వచ్చింది. ఉక్కు డీ2యే కావచ్చు. దాన్ని వండినవాడికి చేత కాలేదు. అమ్మినవాణ్ణి అడిగితే వాపసు గడువు అయిపోయిందన్నాడు.

మీ ఇంటి దగ్గర రాక్‌వెల్ మిషన్ ఉండదు, సరే. రాణిగంజ్‌లో పనిముట్ల షాపులో ఒక కొత్త సన్నగళ్ళ ఆకురాయి కొనుక్కోండి. అది మామూలుగా 62 పైనే గట్టిగా ఉంటుంది. కత్తి వచ్చాక పిడికి దగ్గరగా, కనిపించని చోట అంచు పక్కన మెల్లగా ఒకసారి తోయండి. గాజు మీద నడిచినట్టు జారిపోతే మంచిది. కొంచెం పట్టీ పట్టనట్టు ఉన్నా ఫరవాలేదు. పొడి రాలిందంటే అదే రోజు వాపసు పెట్టండి.

ప్రశ్న: మా అత్తగారు ఇచ్చిన ఇనుప కత్తి ఉంది. మొన్న వేసవిలో ఆవకాయకి మామిడికాయలు కోశాక నల్లబడిపోయింది. ఎంత తోమినా పోవడం లేదు. ఆ నలుపు కూరల్లోకి దిగితే ప్రమాదమా? ఇంకో సంగతి, టెంక కోసేటప్పుడు అంచులో రెండు చోట్ల పళ్ళలా విరిగింది.
– ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, తోమడం ఆపేయండి. మన ఇళ్ళల్లో 'స్టీలు' అంటే తుప్పు పట్టనిది, 'ఇనుము' అంటే పట్టేది. నిజానికి మీ అత్తగారిది కార్బన్ ఉక్కు. మామిడికాయ పులుపు, జీడి తగిలి పైన సన్నటి పొర ఏర్పడింది. దానివల్ల ప్రమాదం లేదు, పైగా ఎర్ర తుప్పు త్వరగా పట్టకుండా కొంత ఆపుతుంది. మొదట్లో కొన్ని రోజులు కోసిన కాయకు ఇనుము వాసన తగులుతుంది, తరవాత అదీ ఉండదు. ఎర్రగా, వేలికి పొడిలా అంటేది మాత్రం తుప్పు, దాన్ని చింతపండు పులుసులో గుడ్డ ముంచి రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టండి. సింకులో రాత్రంతా నానబెట్టడం ఒక్కటే దానికి నిజమైన శత్రువు.

టెంక సంగతికి వస్తే, తప్పు కత్తిది కాదు. టెంకకు పెద్ద ఆవకాయ కత్తిపీట ఉంటుంది, బరువుతో పైనుంచి దిగేది, లేదా బజారులో కాయలు కొట్టిచ్చేవాళ్ళున్నారు. చేతి కత్తిని టెంకలో దించి అటూ ఇటూ తిప్పితే ఏ ఉక్కైనా పెచ్చు లేస్తుంది. ఆ రెండు పళ్ళూ పోవాలంటే మొత్తం అంచును వాటి లోతు దాకా దింపాలి. సైకిల్ మీద సాన చక్రం తిప్పుతూ వీధుల్లో వస్తారు కదా, వాళ్ళు రెండు నిమిషాల్లో చేస్తారు, కానీ నిప్పురవ్వలు ఎగురుతుంటే అంచు వేడెక్కి నీలం రంగు తిరగొచ్చు. నీలం తిరిగిన చోట పదును నిలవదు. మధ్య మధ్యలో నీళ్ళలో ముంచమని దగ్గరుండి చెప్పండి. బక్రీద్ ముందు పాతబస్తీలో వరసగా కూర్చుని ఛురీలకు సాన పట్టేవాళ్ళలో కొందరి చేతిపని చూడాలి, పక్కనే నీళ్ళ డబ్బా లేకుండా మొదలే పెట్టరు.

ప్రశ్న: కత్తికి ఇంట్లో సాన ఎలా పట్టాలి? రెండు చక్రాల మధ్య లాగే చిన్న పరికరం చాలదా?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: చాలదు. అది అంచును కోయదు, గీరి చింపుతుంది. పదునెక్కినట్టే ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది.

ఒక వైపు 400, ఇంకో వైపు 1000 గరుకున్న రాయి కొనండి. కోణం గురించి డిగ్రీలతో హడావుడి చేస్తారు గానీ, అలుగు వెడల్పు 25 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, వీపు కింద కొత్త పెన్సిల్ దూరేంత ఎత్తు లేపితే సుమారు 16 డిగ్రీలు, దానికి ఒకటిన్నర మిల్లీమీటర్లు కలిపితే 20. వంటింటికి మొదటిది, తోటకు రెండోది. ఆ ఎత్తు చెడకుండా ఒక వైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు గోటికి సన్నటి ముళ్ళలాంటి గరుకు తగులుతుంది. అది మొన నుంచి పిడి దాకా తగిలేంతవరకూ తిప్పకండి. తొందరపడి ముందే తిప్పేయడమే కొత్తవాళ్ళు చేసే తప్పు. ఇదంతా 400 వైపు మీద. తరవాత కత్తి రెండో వైపు, ఆపైన సన్నగా ఉండే 1000 వైపు మీద, చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. న్యూస్‌పేపరు చిక్కకుండా కోస్తే అయిపోయినట్టే. చేతి వెంట్రుకలు గొరుక్కుని చూడక్కర్లేదు.

ప్రశ్న: 'డమాస్కస్ స్టీలు' అని అలలు అలలుగా గీతలున్న కత్తి తొమ్మిది వందలకు కొన్నాను. మంచి బేరమేనా? ఈ డమాస్కస్ ఉక్కు మన తెలంగాణదే అంటున్నారు, నిజమా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను, నాకది ఇష్టమైన సంగతి కాబట్టి. మా తాత కమ్మరి. చిన్నప్పుడు కొలిమి తిత్తి తిప్పుతూ నేను విన్న కథల్లో నిజామాబాద్ వైపు కోనసముద్రం పేరు వచ్చేది. అది కథ కాదని పెద్దయ్యాక తెలిసింది. అక్కడ మట్టి మూసల్లో ఇనుమును పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి ఉక్కు దిమ్మెలు తీసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కును ఇంగ్లీషువాళ్ళు 'వుట్జ్' అన్నారు, మన 'ఉక్కు' మాటే అలా మారిందని చాలామంది అంటారు. కన్నడంలోనూ అది ఉక్కే కాబట్టి వాళ్ళకూ వాటా ఉంది. కరెంటు మీద పరిశోధనలతో పేరుపడ్డ మైకేల్ ఫారడే 1819లో ఆ ఉక్కు ముక్కలో ఏముందా అని పరీక్షలు చేసి రాశాడు. మూసలో నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపలే కార్బైడ్ పొరలు ఏర్పడి, సాగగొట్టి ఆమ్లం పూస్తే నీటి అలల్లా కనిపించేవి. అచ్చమైన డమాస్కస్ కత్తి అంటే అదీ. పాత కత్తులు, బాకులు ఎలా ఉండేవో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్ళండి. నేను పోయినప్పుడల్లా అందరూ గడియారం బొమ్మ గంట కొట్టేది చూడ్డానికి పరుగెడుతుంటే ఆ గదిలో నేనూ, కాపలా మనిషీ ఉంటాం.

ఇప్పుడు బజారులో డమాస్కస్ అనేది వేరు. రెండు రకాల ఉక్కు పట్టీలు, ఒకదాంట్లో నికెల్ ఉన్నది, ఒకదాంట్లో లేనిది, ఒకదానిమీద ఒకటి పేర్చి, కొలిమిలో అతికించి, మడిచి మడిచి కొడతారు. ఆమ్లంలో ముంచితే నికెల్ ఉన్న పొర తెల్లగా, లేనిది నల్లగా వస్తుంది. నిజాయితీగా చేస్తే మంచి పనే, చాలా శ్రమ కూడా. తొమ్మిది వందలకు మాత్రం రాదు. మీదాన్ని పరీక్షించడం తేలిక. వీపు దగ్గర చిన్న చోట 400 నంబరు ఎమరీ కాగితంతో గీతలు పోయేదాకా రుద్దండి. కోఠీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ ఒక చుక్క, గ్లౌజులు వేసుకుని, అక్కడ రాయండి. గీతలు మళ్ళీ లేస్తే పొరలు నిజం. లేవకపోతే అది పైన చెక్కిన ముగ్గు. ముగ్గు అని తేలినా కూరగాయలు తెగుతుంటే వాడుకోండి, తొమ్మిది వందలు ఎలాగూ రావు.

ప్రశ్న: నల్లమలలో ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాం. నడుముకు కత్తి కట్టుకుని వెళ్ళొచ్చా? నగరంలో దగ్గర పెట్టుకుంటే పోలీసులు పట్టుకుంటారా?
– కొందరు మిత్రులు, నల్లకుంట

జవాబు: అమ్రాబాద్ టైగర్ రిజర్వు హద్దుల్లోకి అయితే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి, ఆ చట్టంలో ఆయుధం అనే మాటకిచ్చిన నిర్వచనంలో కత్తి కూడా ఉంది. పండ్లు కోయడానికని చెప్పినా చెక్‌పోస్టులో వినరు. గైడుతో వెళ్ళండి, వాళ్ళ దగ్గర ఉండాల్సినవి ఉంటాయి.

నగరంలో, 2016 ఆయుధాల నిబంధనల్లో అలుగు తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు ఉన్నవాటిని ఆయుధాలుగా లెక్కగట్టారు, ఇంటిపని, వ్యవసాయం, పరిశ్రమల కోసం చేసినవాటిని మినహాయించారు. నేను పైన చెప్పిన నాలుగైదు అంగుళాల కత్తి ఆ లెక్కలోకి రాదు. అలాగని నడుముకు కట్టుకుని ట్యాంక్‌బండ్ మీద తిరగమనడం లేదు. తోటకు వెళ్ళేటప్పుడు ఒరలో పెట్టి, కారు డిక్కీలో పనిముట్ల సంచిలో పడేయండి. మెట్రోలో స్కానర్ దగ్గర ఆపుతారు. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చి, దానితో కత్తి చేయించుకుంటానంటున్నాడు. పనికొస్తుందా, ఊరికే ఇల్లు తగలబెడతాడా?
– ఒక తండ్రి, చింతల్

జవాబు: పనికొస్తుంది. మన పల్లెల్లో కమ్మరులు కొడవళ్ళు, గొడ్డళ్ళు చాలావరకు వాటితోనే చేస్తారు. కార్బన్ అర శాతానికి పైన, అందులో సిలికానో, క్రోమియమో కలిసి ఉంటుంది. దెబ్బకు బాగా తట్టుకునే ఉక్కు. కొమ్మలు నరికే కత్తికి డీ2 కన్నా ఇదే మేలు. అయితే రెండు విషయాలు. లక్షల కిలోమీటర్లు ఊగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు, అందుకని వాడిన దానికన్నా కొత్త పట్టీ కోసిన తుంట దొరికితే అదే తెచ్చుకోమనండి. రెండోది, పట్టీ లారీలో ఊగేంత మెత్తగా ఉంటుంది, గ్రైండరుతో కత్తి ఆకారం కోసేసి 'అయిపోయింది' అనుకుంటే పదును నిలవదు. మళ్ళీ కాల్చి గట్టిపరచాలి.

కాల్చేటప్పుడు థర్మామీటరు లేకపోయినా అయస్కాంతం చాలు. ఉక్కు ఎర్రబడి 770 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణించి ఇంకొంచెం, చెర్రీపండు ఎరుపు కన్నా ఒక పిసరు పైకి పోనిచ్చి, వేడి చేసిన నూనెలో నిలువుగా ముంచాలి. నీళ్ళలో వద్దు, పగులుతుంది. నూనె డబ్బా పెద్దదై ఉండాలి, పక్కన మూత ఉండాలి, మంట లేస్తే మూత వేసేయాలి. మేడ మీద ఆరుబయట చేయమనండి.

ముంచాక ఆకురాయి జారిపోతుంది, అబ్బాయి గంతులేస్తాడు. అక్కడితో ఆగిపోకూడదు. నేను ఆగి తగిన శాస్తి అనుభవించాను. పెళ్ళయిన కొత్తలో ఒక పాత ఆకురాయిని సాగగొట్టి, నూనెలో ముంచి, అద్దంలా మెరుగు పెట్టి మా మామగారికి కత్తి ఇచ్చాను. టెంపరింగ్ మరిచిపోయాను, మరిచిపోయాను అనడం అబద్ధం, ఆ రోజు రాత్రి బస్సుకు టైమైపోయింది. మర్నాడు పొద్దున ఆయన చెయ్యి జారి షాబాద్ బండ మీద పడి రెండు ముక్కలైంది, పింగాణీ గిన్నెలాగా. 'అల్లుడు గారు ఎక్కడ పనిచేస్తారన్నారు?' అని ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ అడిగేవారు.

అందుకని, చల్లారగానే కడిగి, ఇంటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయటికి తీసి చల్లార్చి, ఇంకో రెండు గంటలు. పైన ఎండుగడ్డి రంగు వస్తే సరిపోయినట్టు. ఓవెన్‌లో పెట్టేముందు నూనె మరకలేకుండా సబ్బుతో కడగమనండి. నేను కడగలేదు. మా ఆవిడ ఆ తరవాత ఆ ఓవెన్‌లో కేకు చేయలేదు, అది ఇప్పుడు మేడ మీద నా దగ్గరే ఉంది. అబ్బాయికి కావాలంటే ఒక ఆదివారం వచ్చి వాడుకోమనండి.